ముప్పై నాలుగు గ్రాముల తేడా

మరియదాసు తూనికలు, కొలతల శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. కాటా అడుగున అంటించిన అయస్కాంతాలు, లోపల తొలిచిన తూకపు రాళ్లు చూసి చూసి, ఎవరి మాటా ఒక పట్టాన నమ్మలేని మనిషయ్యాడు. గుణదలలోని ఇంట్లో బజారు నుంచి వచ్చిన వంకాయలు కూడా ఆయన చిన్న కాటా ఎక్కి దిగాల్సిందే.

"నన్నొక్కదాన్నే తూచలేదు ఈయన" అనేది భార్య అమలమ్మ.

ఏదో ఒక వ్యాపకం పెట్టుకోమని డాక్టరు చెబితే పటమటలో ఒక షూటింగ్ క్లబ్బులో చేరాడు. అక్కడ వాడేది ఎయిర్ పిస్టల్. గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుండు పోయి పది మీటర్ల అవతల కాగితానికి తగులుతుంది. చేయి ఎంత వణికిందో ఆ కాగితం దాచకుండా చూపిస్తుంది. ఆ ఆట ఆయనకు నచ్చిన కారణం అదే.

రెండేళ్లు క్లబ్బు పిస్టల్‌తో కాల్చాక సొంతది కొనుక్కోవాలనిపించింది. అప్పుడే క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన వచ్చింది. ఒక విదేశీ కంపెనీ తన యాభయ్యో ఏడు గుర్తుగా అయిదు వందలు మాత్రమే చేసిన ప్రత్యేకమైన పిస్టల్. నంబరు 318. అమ్మేది ఉయ్యూరులో సింధూరి అనే బ్యాంకు ఉద్యోగిని.

అయిదు వందల్లో ఒకటి ఉయ్యూరులో ఎందుకుంటుంది? అసలు అనుమానం అక్కడే మొదలైంది. కాటా సంచిలో వేసుకుని బస్సెక్కాడు.

సింధూరికి ముప్పై అయిదేళ్లుంటాయి. వరండాలో ఆమె మామగారు రామకోటేశ్వరరావు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమె పెట్టె తెచ్చి ముందు గదిలో బల్ల మీద తెరిచింది. నీలం మఖమలు గుంటలో పిస్టల్. గొట్టం మీద సన్నగా చెక్కిన ఆకుల తీగ, దాని పక్కన నంబరు. పట్టుకునే చెక్క పిడి ముదురు తేనె రంగులో ఉంది. మరియదాసు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంత అందమైన వస్తువు ఆయన చేతికి ఎప్పుడూ రాలేదు.

కొన్న బిల్లు, దిగుమతి కాగితాలు, కంపెనీ పత్రం అన్నీ చదివాడు. పత్రంలో బరువు తొమ్మిది వందల ఎనభై అయిదు గ్రాములని ఉంది. కాటా తీసి తూచాడు. తొమ్మిది వందల యాభై ఒకటి. కాటాను సున్నాకి తెచ్చి మళ్లీ తూచినా అంతే.

"ముప్పై నాలుగు గ్రాములు తక్కువుందమ్మా. ఎందుకు?"

సింధూరి వరండా వైపు ఒకసారి చూసింది. "నాకు తెలీదండి. కొన్నప్పట్నించీ అలాగే ఉంది."

అబద్ధం చెప్పేవాళ్లు జవాబుకి ముందు ఎటో చూడటం ఆయన దుకాణాల్లో వందసార్లు గమనించాడు. అయినా ఆ ఆకుల తీగ వదల్లేకపోయాడు. వారంలోగా నచ్చకపోతే తిరిగిచ్చేలా మాట తీసుకుని కొన్నాడు.

ఇంటికొచ్చి భూతద్దం పెట్టుకుని కూర్చున్నాడు. పిడికి ఒక వైపు మెరుపు, ఇంకో వైపు మసకగా ఉంది.

"అసలు పిడి తీసి ఎక్కడో అమ్ముకుని, వేరేది తగిలించారు" అన్నాడు.

"ఆ పిల్ల మొహం చూస్తే అలా అనిపించిందా మీకు?" అంది అమలమ్మ.

"మొహాలు చూసి కాటాలకు సీలు వెయ్యలేదు నేను."

మర్నాడు పొద్దున్నే మర విప్పి పిడి ఊడదీశాడు. లోపలి వైపు చెక్కలోకి దిగేలా ముద్ర: 318. పిడి అసలుదే. ఆ ముద్ర కింద పెన్సిలుతో చీమల్లాంటి తెలుగు అక్షరాలు. ఒక తేదీ, 'బొటనవేలి కింద రెండు గ్రాములు'. ఇంకో తేదీ, 'అరచేతి దగ్గర నాలుగు'. తన చేతికి సరిపడే వరకు సింధూరి ఏళ్ల తరబడి గరుకు కాగితంతో అరగదీసి, తీసినదంతా రాసి పెట్టుకుంది. అన్నిటికన్నా కింద ఇలా ఉంది: 'ఏడో నెల. వేళ్లు ఉబ్బాయి. మూడు గ్రాములు.'

మరియదాసు అన్నీ కూడాడు. ముప్పై నాలుగు. మళ్లీ కూడాడు.

సింధూరికి ఫోన్ చేసి పిడి విప్పానని, లోపలి రాత చూశానని చెప్పాడు.

"ఎవరికైనా చూపించారా సార్?"

"లేదమ్మా. మా ఇంటావిడక్కూడా చూపించలేదు."

"కడుపుతో ఉన్నప్పుడు కాల్చడం మానేశానని ఇంట్లో చెప్పాను. డాక్టరమ్మ పర్లేదంది, కానీ వీళ్లు ఒప్పుకోరు. పాప నెల ముందు పుట్టింది. ఇప్పుడు చక్కగా ఉంది, ఒకటో క్లాసు. మా మామయ్యగారు మాత్రం ఇప్పటికీ కారణం వెతుకుతూనే ఉంటారు." తర్వాత, "ఆ పిస్టల్ ఒక్కసారి పట్టి చూసుకోవచ్చాండి?" అంది.

ఆదివారం ఆమె పటమట క్లబ్బుకు వచ్చింది. ఆయన పిడి మళ్లీ బిగించి ఉంచాడు. ఆయన పెద్ద చేతికి అది ఇరుకే. ఆమె చేతిలో మాత్రం చేతికి మొలిచినట్టు కూర్చుంది. పది గుండ్లు కాల్చింది. మొదటి మూడూ పక్కకు పోయాయి. మిగిలిన ఏడూ కాగితం మధ్య నలుపులోనే పడ్డాయి. ఆమె ఆ కాగితం వెంట తీసుకెళ్లలేదు, చూసి బల్ల మీద పెట్టేసింది.

ఆమె వెళ్లిన పావుగంటకు ఫోన్ మోగింది. రామకోటేశ్వరరావు.

"మా కోడలు మీ దగ్గరకొచ్చిందాండి? బ్యాంకు పనని చెప్పింది. బ్యాంకు ఆదివారం ఉండదు కదా."

ఆ గొంతులో నిదానం, ఒక్కో ప్రశ్నా పేర్చుకుంటూ వచ్చే ఓపిక మరియదాసుకు బాగా తెలిసినవే. ముప్పై ఒక్క ఏళ్లు తాను మాట్లాడింది అలాగే.

"వచ్చిందండి. పిస్టల్ నా పేరుకి మార్చే కాగితం మీద ఒక సంతకం మిగిలిపోయింది. నేనే రమ్మన్నాను."

"అమ్మినప్పుడు బరువు తేడా అన్నారు. తేలిందా?"

"తేలిందండి. నా కాటాయే తప్పు చూపించింది."

అవతలాయన నమ్మాడో లేదో తెలియలేదు. "సరేనండి" అని పెట్టేశాడు.

పక్కనే ఉన్న క్లబ్బు సభ్యుడు జయపాల్ నవ్వాడు. "మీ కాటా తప్పు చూపించడమా గురువుగారూ?"

మరియదాసు తన చేతికి సరిపోయే కొత్త పిడి చేయించడానికి వడ్రంగి నంబరు ఎవరి దగ్గరుందని అడిగాడు. తర్వాత పాత పిడిని జాగ్రత్తగా విప్పి, పెన్సిలు రాత చెరగకుండా మెత్తటి గుడ్డలో చుట్టాడు.