సిబ్బి పడితే ఎగిరిపడాలి

విశ్వాసమ్మత్త తన పూటకూళ్ళ ఇంట్లో భయం లేని పిల్లను పనికి పెట్టుకోదు. కడప రైలు స్టేషన్ దగ్గర ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. వంట వచ్చునా, ఎవరి బిడ్డవు అని ఆమె అడగదు. పని కోసం వచ్చిన పిల్లను పొయ్యి వైపు తిరిగి నిలబడమంటుంది. వెనక నుంచి గంజి వార్చే ఇత్తడి సిబ్బిని బండల మీదికి జారవిడుస్తుంది. పిల్ల ఎగిరిపడితే పని దొరికినట్టే. మెల్లగా తిరిగి చూసి "ఏందది?" అంటే మాత్రం, సంకటి ముద్ద పెట్టి తినిపించి పంపేస్తుంది.

భయం ఉండే పిల్ల బియ్యంలో రాళ్ళ కోసం రెండుసార్లు చూస్తుందని, ధైర్యం ఉండే పిల్ల ఒకసారి కూడా చూడదని ఆమె సిద్ధాంతం.

నేను చేరింది యుద్ధం నాటి రోజుల్లో. మా నాయన దాసన్న బండల గనిలో రాళ్ళు కొట్టి కొట్టి దగ్గు తెచ్చుకుని మంచం పట్టాడు. అయిదో తరగతితో నా బడి ఆగిపోయింది. నాకు మనుషులంటే భయం, బల్లి అంటే భయం, రైలు కూతంటే భయం. ఎక్కడికి పోయినా "ఈ పిల్లకు నోరు లేదు" అని తిప్పి పంపేవాళ్ళు. విశ్వాసమ్మత్త సిబ్బి పడేసిన రోజు నేను ఎగరడంతో ఆగలేదు, గోడకు ఆనించిన రోకలిని కావలించుకున్నాను.

"ఇట్లాంటి పిల్ల కోసం ఎన్నాళ్ళనుంచో చూస్తాండా" అని ఆమె మురిసిపోయింది. నా భయాన్ని మెచ్చుకున్న మొదటి మనిషి ఆమె.

పనిలో చేరాక తెలిసింది, పరీక్ష ఆ ఒక్కరోజుతో అయిపోదని. పచ్చడి నూరేటప్పుడు సిబ్బి పడవచ్చు, విస్తళ్ళు తీసేటప్పుడు పడవచ్చు. ఏ పిల్లయినా ఎగరలేదంటే, "నీ పని అయిపోయిందిలే మే" అనేది. మర్నాడు ఆ పిల్ల కనిపించేది కాదు. నాతో పనిచేసే సోమక్క అట్లాగే పోయింది. ఆమె వెనక సుంకమ్మ పోయింది. ఎక్కడికి పోయారని అడిగే ధైర్యం నాకు లేదు. నా ముందు ఖాళీ అయిన రెండు పీటలను చూస్తూ పచ్చడి నూరేదాన్ని.

ఎదురుగా కాఫీ హోటలు నడిపే ఆనందం అనే ఆయనకు ఇది రోజూ దొరికే వేడుక. తన దగ్గర చేరినవాడు మీసాలు నెరిసేదాకా కదలడని, ఈమె దగ్గర చేరినవాళ్ళు ఉగ్గాని చల్లారేలోపలే మాయమవుతారని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

"పిల్లల్ని నిలుపుకోను నీకు చేతకాదు విశ్వాసమ్మా" అన్నాడొకసారి.

"నిలుపుకొని ఏం జేసుకుందు? ఊరగాయ పెట్టుకుందునా?" అంది ఆమె.

పొద్దుగూకేటప్పుడు ఆమె నాకొక గిన్నెలో సంకటి, పప్పు పెట్టి ఇచ్చేది. ఇంట్లో నాయన, తమ్ముడు ప్రకాశం ఆ గిన్నె మీదే బతుకుతున్నారు. పని పోతే గిన్నె పోతుంది.

అటువంటప్పుడు నాకు ఘోరం జరిగింది. ఒక పొద్దున సిబ్బి పడింది, నా చేతిలో గరిటె కూడా కదలలేదు. అదృష్టం కొద్దీ ఆమె అప్పుడే పొంగే పప్పు వైపు తిరిగింది. నేను ఆలస్యంగానైనా ఎగిరి, రోకలి దాకా పోయి వచ్చాను.

ఆ రోజు నుంచి నాకు కునుకు లేదు. ఉన్న భయాలన్నీ పోయి ఒక్కటే మిగిలింది, భయం పోయిందని తెలిసిపోతుందేమోనని. ఆమెను కనిపెట్టడం మొదలుపెట్టాను. సిబ్బి వదలబోయే ముందు ఆమె చేతి గాజులను మోచేతి వైపు తోసి బిగించుకునేది. గలగల ఆగిపోయేది. గాజుల చప్పుడు ఆగిందంటే నేను ఎగరడానికి సిద్ధం.

అట్లా కొంతకాలం బాగానే గడిచింది. ఒకరోజు తినేవాళ్ళతో వసారా నిండి ఉంది. వెనక గాజులు ఆగిపోయాయి. నేను కేక వేసి, ఎగిరి, రోకలిని వాటేసుకున్నాను. చప్పుడు మాత్రం రాలేదు. తిరిగి చూస్తే సిబ్బి ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"నేనింకా వదల్లేదే మే" అంది.

వసారాలో నవ్వులు.

"నువ్వు బెదరడం మానేసి శానా దినాలాయె. నాకు తెల్దనుకుంటివా? నీ పని అయిపోయిందిలే. రేపు తల దువ్వుకొని, ఉతికిన కోక కట్టుకొని రా."

ఆ సాయంత్రం గిన్నె ఎప్పటికన్నా బరువుగా ఉంది. నాయన తింటుంటే ఆయన ముఖం చూడలేక దీపం వత్తి సరిచేస్తూ కూర్చున్నాను.

మర్నాడు ఆమె నా చేయి పట్టుకుని నడిపించింది. ఎక్కడికని అడగలేదు. పోలీసు ఠాణా దాటేదాకా అక్కడికేనేమో అనుకున్నాను. చివరికి మిషన్ ఆసుపత్రి మెట్లెక్కాం. వరండాలో తెల్లకోక కట్టుకుని, వేడినీళ్ళ చెంబుతో సోమక్క ఎదురొచ్చింది. ఆమె వెనక, ఒక ముసలమ్మను పట్టుకుని నడిపిస్తూ సుంకమ్మ. ఇద్దరూ నన్ను చూసి, రోకలిని కావలించుకున్నట్టు చేతులు పెట్టి నవ్వారు.

పెద్ద నర్సు జీవమ్మగారు నన్ను కిందికీ మీదికీ చూసి, రక్తం చూస్తే పడిపోతుందేమోనని అడిగారు.

"ఆ భయమంతా నేను తీసేసినాలేమ్మా" అంది విశ్వాసమ్మత్త.

అప్పుడే లోపల ఎవరి చేతిలోనుంచో ఇనుప పళ్ళెం జారి నేలమీద ఖంగుమంది. నేను కదల్లేదు. విశ్వాసమ్మత్త మాత్రం చెంగున ఎగిరి నా భుజం పట్టుకుంది.

"అత్తా, నువ్వు..." అన్నాను.

"నాకు భయం పోలా" అంది మెల్లగా. "అందుకే ఆ పొగలో ఉండిపోతి. మొదటినుంచీ ధైర్యముండే పిల్లకు నేనేల, దాని దోవ అది చూసుకుంటాది. పోయి పని నేర్చుకో. మీ నాయన గిన్నె యాడికీ పోదు, మీ తమ్మున్ని పొద్దుగూకితే పంపు."

ఇప్పటికీ ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక ఆమె ఇంటికి పోతాను. పొయ్యి దగ్గర ఎవరో కొత్త పిల్ల బెదురు చూపులతో కూర్చుని ఉంటుంది. నేను గాజులు మోచేతి వైపు తోసి, విశ్వాసమ్మత్త వెనక నిలబడి సిబ్బి వదులుతాను. అత్త ఎగిరిపడుతుంది.

"నీ పని ఇంకా అయిపోలేదులే అత్తా" అంటాను.