తారుమారుకు పెట్టిన సంతకం

కొత్త సిమెంటు తడివాసన వస్తే చాలు, నాకు సాయన్న సార్ గుర్తొస్తారు. పోయిన ఆదివారం మా తెలుగువాళ్ల పేట కామాటిపురలో ఆయన సంస్మరణ సభ. పక్క చాల్‌లో మరమ్మతులు జరుగుతున్నాయి, వరసగదుల పాత మేడ అది. ఆ వాసన మధ్యే ఒకాయన మైకు పట్టుకొని, "సార్‌ది పెద్ద మనసు. మన తప్పుల్ని చూసీచూడనట్టు వదిలేసేవారు" అన్నాడు. అందరూ తలూపారు. నేను ఊపలేదు. చూసీచూడనట్టా? ఆయనంతగా చూసే మనిషి నాకింతవరకు తగల్లేదు.

ఎనభైల చివర్లో గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర రెండు గదుల కంప్యూటర్ ఆఫీసు మాది. సార్ మా పెద్ద. మేస్త్రీల ఇంట పుట్టినవారు, మా గల్లీ మనిషే. రోజూ పన్నెండింటికి అందరి ప్రోగ్రాములూ కలిపి, నమూనా పేర్లతో నడిపి చూసేవాళ్లం. ఒక్క పరీక్ష తప్పినా మొత్తం పని ఆగాల్సిందే. కాని చిన్న తప్పుకోసం పదిమంది చేతులు ముడుచుకు కూర్చోవడం ఆయనకు గిట్టదు. తెలిసిన ఫెయిలైతే బీరువా తలుపు మీద చాక్‌పీసుతో రాయించి ముందుకు పోనిచ్చేవారు. ఏం తప్పింది, ఎవరిది, ఎప్పటిలోగా దిద్దుతారు. కింద ఆయన సంతకం.

ఓసారి ఆ తలుపు మీద నా పేరెక్కింది. ఒక కాంట్రాక్టరుకు కూలీల గేటు జాబితా అచ్చువేసే ప్రోగ్రాం నాది. అందులో పేరుంటేనే లోపలికి. ఇద్దరు యాదయ్యలుంటే నా ప్రోగ్రాం ముందువాణ్ణి వెనక్కి, వెనకవాణ్ణి ముందుకి తోసేది. కొంపలేం మునగవు కదా, శనివారంలోగా దిద్దుతానని రాశాను. రెండు రోజులు అదే ఫెయిలు. ఆ తర్వాత పరీక్ష ఫలితాల కాగితం చూడటమే మానేశాను.

గురువారం నాలుగింటికి సార్ పిలిచి ఆ రోజు కాగితం నా ముందు పరిచారు. దానిమీద టీ గ్లాసు మచ్చ ఎండిపోయి ఉంది.

"ఇదేంది బిడ్డా?"

"తెలిసిన ఫెయిలే కద సార్. సంతకం మీదే." నా నోరు అప్పుడూ ఇంతే.

"నేను తారుమారుకు పెట్టిన సంతకం. మనిషి మాయమైనదానికి పెట్టలే. రెండో యాదయ్య ఏడి?"

చూశాను. ఒక్కడే ఉన్నాడు. అంతకుముందు రోజు నేను చేసిన మార్పు ఒక మనిషిని మింగేసి, పాత తప్పు చాటున దాక్కుంది. నమూనా పేర్లు ఆ సైటువే; అక్కడ ఇటుకలు మోసే ఇద్దరు యాదయ్యల్లో రెండోవాడు మా చిన్నాయన. శనివారం ఈ ప్రోగ్రాం అచ్చువేసిన జాబితా వెళ్తే ఆయన గేటు బయటే.

"మీ చాల్ మెట్ల కాడ గోడ పగులు మీద సిమెంటు పట్టీ ఉంది సూడు, ఎందుకో ఎరుకేనా?"

"పగులు పూడ్చడానికి."

"కాదే మొద్దూ! మీ తాత పెట్టిండు, తారీఖు గీకి. పట్టీ పగిలితే గోడ కదులుతున్నట్టు. పగులు ఉంటే ఉండనీ. రోజూ పోయి సూడాలె."

శుక్రవారం సాయంత్రానికి యాదయ్యలిద్దరూ తమ తమ చోట్లలో నిలబడ్డారు. బీరువా మీది రాతను సార్ నాచేతే తుడిపించారు. శనివారం చిన్నాయన ఎప్పటిలాగే గేటు దాటాడు. ఆయనకిదేమీ తెలియదు.

ఇప్పుడు నా కింద పదిహేనుమంది పనిచేస్తున్నారు. తెలిసిన ఫెయిలును నేనూ పోనిస్తాను. పేరు, గడువుతోపాటు అది ఎలా తప్పుతోందో కూడా రాయిస్తాను. వేరేలా తప్పిందా, అందరి ప్రోగ్రాములూ కలిపే బిల్డు అక్కడికక్కడే ఆగుతుంది. వెనకాల గయ్యాళి అంటారట. అననీ, సాయన్న సార్ తయారుచేసిన గయ్యాళిని.

ఆయన్ని ఒక్కటే అడగలేకపోయాను. కాగితం పన్నెండింటికే వచ్చింది, నన్ను పిలిచేసరికే దానిమీద టీ మచ్చ ఎండింది. ముందే చూశారా సార్? నేనే చూసుకుంటానేమోనని నాలుగింటిదాకా ఆగారా?