మా అన్నయ్య చెయ్యని పాపాలు

మా సంఘంలో పాపులకు కరువు. తెనాలిలో మా చర్చికి వచ్చేవాళ్ళలో సగం మంది బడిపంతుళ్ళు, మిగతా సగం రైల్వేవాళ్ళూ నర్సమ్మలూను. ఆదివారం ఇస్త్రీ చీర, ఆరాధన, ఇంటికెళ్ళి కోడికూర, కునుకు. ఇంతకు మించి ఎవరి జీవితంలోనూ ఏమీ జరగదు. ఇలాంటి ఇళ్ళ పిల్లలం వేసవి సెలవుల్లో యూత్ పేరు పెట్టుకుని, కీబోర్డూ డోలకూ మోసుకుని, పల్లెలకు సువార్త చెప్పడానికి బయల్దేరేవాళ్ళం.

పాటలు బాగానే పాడేవాళ్ళం. కానీ పల్లెల్లో జనం కదలకుండా కూర్చునేది పాటలకు కాదు, సాక్ష్యానికి. ఎవరో ఒకరు లేచి, నేను ఒకప్పుడు ఇలాంటివాణ్ణి, దేవుడు నన్నిలా మార్చాడు అని చెప్పాలి. మొదటి సగం ఎంత ఘోరంగా ఉంటే రెండో సగం అంత గొప్పగా ఉంటుంది. మా వాళ్ళు లేచి "చిన్నప్పుడు అమ్మకి ఎదురు చెప్పేదాన్నండి" అంటే జనం ఆవులించేవాళ్ళు. నాకే ఒళ్ళు మండేది. అమ్మకి ఎదురు చెప్పనిదెవరు?

ఆ లోటు మా అన్నయ్య తీర్చాడు. అసలు జరిగింది మా ఇంట్లో అందరికీ తెలుసు. చీరాలలో స్నేహితుడి పెళ్ళికి వెళ్ళి ఒక బీరు తాగాడు. కొత్త ప్యాంటు మీదే కక్కుకున్నాడు. ఇంటికొచ్చి అమ్మ కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. అమ్మ చీపురుతో రెండు వేసి మజ్జిగ ఇచ్చింది. కథ అంతే.

చుండూరులో మొదటిసారి సాక్ష్యం చెప్పినప్పుడు అది బీరే. జనం "అయ్యో!" అన్నారు. ఆ "అయ్యో" మా అన్నయ్యకు బీరు కన్నా ఎక్కువ ఎక్కింది. వేమూరు వెళ్ళేసరికి బీరు కాస్తా బ్రాందీ అయింది, ఒక్కరోజు ముచ్చట రోజువారీ వ్యవహారమైంది. మరుసటేడు బాపట్ల దగ్గర జాలర్ల పల్లెలో, సముద్రపు గాలి మహిమో ఏమో, నాటుసారాలోకి దిగాడు, కాలవ గట్టు మీద పడి దొర్లాడు, చివరికి అమ్మ గాజులు అమ్మేశాడు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. మా ఊరికి కొత్తగా బదిలీ అయి వచ్చిన పాస్టరుగారు కూడా ఏడ్చారు. పాపం, ఆయనకేం తెలుసు!

అమ్మ మాకు వంట చెయ్యడానికి వచ్చేది. పొయ్యి దగ్గర కూర్చుని గాజుల సంగతి విని బిత్తరపోయి తన చేతులు చూసుకుంది. తిరిగొచ్చేటప్పుడు అన్నయ్యను దులిపేసింది.

"నా గాజులు నా చేతికుండగా ఎలా అమ్మేశావురా?"

"సాక్ష్యంలోనే కదమ్మా, నిజంగా అమ్మానా ఏంటి? ఎంతమంది చేతులెత్తి ప్రార్థన చేయించుకున్నారో చూశావా?"

అప్పటినుంచీ అన్నయ్య మైకు పట్టుకుంటే చాలు, అమ్మ మణికట్ల మీదికి కొంగు లాక్కునేది. నువ్వెందుకే దాచుకోవడం అని నేను కసిరితే, "మరేం చెయ్యమంటావే? కన్నకొడుకుని నలుగుర్లో అబద్ధాలకోరుని చెయ్యమంటావా?" అనేది. వీళ్ళిద్దరి మధ్యా నాకు పిచ్చెక్కేది.

ఇంతలో అన్నయ్యకు సంబంధం కుదిరింది. రేపల్లె అవతల ఒక పల్లె. అమ్మాయి టీచర్ ట్రైనింగ్ చదువుతోంది. తల్లిదండ్రులు లేరు, నాయనమ్మ పెంచింది. పెళ్ళిచూపుల నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అన్నయ్య మనిషి మనిషిలో లేడు. అన్నంలో పెరుగనుకుని సాంబారు పోసుకునేవాడు. ఆ పెద్దావిడ కట్నం గురించి గానీ ఉద్యోగం గురించి గానీ ఏమీ అడగలేదు. "అబ్బాయి తాగుతాడా అమ్మా?" అని ఒక్కటే అడిగింది. అమ్మ గుండెమీద చెయ్యేసుకుని, "వాసన కూడా తెలీదండి" అంది. ఆ మాట మీదే సంబంధం ఖాయమైంది. ఎండలు తగ్గాక ప్రధానం పెట్టుకుని ఉంగరాలు మార్పిద్దామనుకున్నారు.

మే నెలలో ఒక ఆదివారం పాస్టరుగారు ఆరాధన అయ్యాక ముఖమంతా నవ్వు చేసుకుని ప్రకటించారు. "ఈ ఏడు మన సువార్త యాత్ర ఎక్కడికో తెలుసా? మన అబ్బాయి కాబోయే అత్తగారి ఊరు! ఆ సాక్ష్యం వాళ్ళు కూడా వినొద్దూ?"

అన్నయ్య ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

బయల్దేరే రోజు రేపల్లె ప్యాసింజరులో, ఆ ఎండలో, మెడకు మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నాడు. గొంతు పోయిందట. సైగలతో మాట్లాడుతున్నాడు. పాస్టరుగారు ఊరుకుంటారా? గొంతు మీద చెయ్యివేసి, పెట్టె అంతా దద్దరిల్లేలా ప్రార్థన చేశారు. పల్లీలమ్మే అతను కూడా గంప దించి ఆమేన్ అన్నాడు. గొంతు బాగవకపోతే పాస్టరుగారి ప్రార్థన పనిచెయ్యనట్టు, బాగయితే పెళ్ళి పోయినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి పాస్టరుగారి ముఖం చూడలేక, "కొంచెం నయంగా ఉందండి" అన్నాడు.

ఊళ్ళోకి వెళ్ళేసరికి, పాస్టరుగారి కబురు ముందే అందుకున్న అక్కడి సంఘంవాళ్ళు ఆటోకు మైకు కట్టి తిప్పుతున్నారు. అమ్మా అన్నయ్యా నేనూ పెద్దావిడ ఇంట్లో కూర్చుని నిమ్మరసం తాగుతుంటే, ఆ ఆటో సరిగ్గా గుమ్మం ముందుకొచ్చి అరిచింది. "ఒకనాటి పచ్చి తాగుబోతు! కన్నతల్లి గాజులు అమ్ముకున్న కొడుకు! రండి, సాయంత్రం అతని నోటే వినండి!"

"ఎవరమ్మా ఆ దౌర్భాగ్యుడు?" అంది పెద్దావిడ.

"ఎవరోనండి," అంది అమ్మ, గాజుల చేతులు వీపు వెనక్కి పెట్టుకుని.

పొద్దు వాలుతుంటే పందిరి వెనకాల అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ కథ చెప్తే పిల్ల దక్కదు. అది అబద్ధమని చెప్తే పాస్టరుగారి పరువు దక్కదు. అప్పుడైనా పిల్ల దక్కుతుందని ఏముంది? ఏం చెయ్యనే?" జాలేసింది, కోపమూ వచ్చింది. "ఆ గాజులు అమ్మేటప్పుడు నన్నడిగావా?" అన్నాను. అయినా వాడు నా చెయ్యి వదల్లేదు. ఆ అమ్మాయంటే వాడికి నిజంగానే ప్రాణమని నాకు అప్పుడు అర్థమైంది.

పాటలయ్యాయి. పాస్టరుగారు పిలిచారు. అన్నయ్య మైకు ముందుకొచ్చాడు. ముందు వరుసలో చాప మీద నాయనమ్మా, పక్కనే మనవరాలూ. అలవాటుగా "ఒకప్పుడు నేను" అని మొదలుపెట్టి ఆగాడు.

"ఒకప్పుడు నేను... ఏమీ కాదండి" అన్నాడు. "ఆటోలో చెప్పింది నా గురించే. కానీ అది అబద్ధం. నేను తాగింది ఒక్క బీరండి. అదీ కడుపులో నిలవలేదు. కాలవ గట్టున పడలేదు. గాజులు అమ్మలేదు. అదుగో, మా అమ్మ చేతికే ఉన్నాయి."

ఊరు ఊరంతా వెనక్కి తిరిగింది. పొయ్యి దగ్గరున్న అమ్మ అలవాటు కొద్దీ చేతులు కొంగు కింద దాచేసుకుంది. తర్వాత ఏమనుకుందో, రెండు చేతులూ బయటికి తీసి పైకెత్తి చూపించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. "తాగుబోతన్నారని పని మానుకుని వచ్చాం కదయ్యా!" అని ఎవరో విసుక్కున్నారు. "ఉన్న ఒక్క పాపీ పోయాడు" అని పాస్టరుగారు తనలో తాను అనుకున్న మాట మైకులోంచి ఊరంతా వినబడింది. అందరూ ఒకటే నవ్వు. నేనూ నవ్వాను.

ఒక్క పెద్దావిడే నవ్వలేదు. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచింది. తలమీది ముసుగు తీసి, చెవులు రెండూ చూపించింది. వాటికి ఏమీ లేవు, సాగిపోయిన రంధ్రాలు తప్ప.

"నా దుద్దులు మా ఆయన నిజంగానే అమ్మాడు నాయనా. కాలవ గట్టున నిజంగానే పడ్డాడు. మారి, ఇలా మైకు ముందు నిలబడి చెప్పుకునే రోజు ఆయనకి రాలేదు. అక్కడే పోయాడు. నా కొడుకూ అదే దారిన పోయాడు. మా ఇంట్లో జరిగింది నీకు చెప్పుకోడానికి బాగుందా?"

నవ్వులన్నీ ఆగిపోయాయి. అన్నయ్య మైకు వదిలేసి, వెళ్ళి ఆవిడ ముందు నేలమీద కూలబడ్డాడు. "బాగుందండి, మామ్మగారూ" అన్నాడు. "అందరూ అయ్యో అంటుంటే బాగుంది. నిజంగా ఇలా జరిగినవాళ్ళు వింటారని నాకు తట్టలేదు." వెక్కివెక్కి ఏడ్చాడు. ఆవిడ వాడివంక చూస్తూ నిలబడింది. తిట్టలేదు, లేవమనలేదు. చివరికి "పెళ్ళి చేసుకోబోయేది నేను కాదు, దాన్నడగండి" అని ఇంటికి వెళ్ళిపోయింది.

భోజనాలప్పుడు అమ్మాయి నీళ్ళ డ్రమ్ము దగ్గర నన్ను పట్టుకుంది. అన్నయ్య దూరంగా, విస్తరి ముందు తల దించుకుని కూర్చున్నాడు, ముద్ద ఎత్తడం లేదు.

"ఒక్కటడుగుతాను, నిజం చెప్పండి" అంది. "మీ అన్నయ్యగారు ఇందాక ఏడ్చారు కదా, అదీ సాక్ష్యంలో భాగమేనా?"

నేను వాడి తరఫున వకాల్తా పుచ్చుకోదల్చుకోలేదు. తెలిసిందే చెప్పాను.

"సాక్ష్యంలో ఏడిస్తే ముందు జేబులోంచి మడత పెట్టిన తెల్ల రుమాలు తీస్తాడండి. దాని మడత విప్పి, ఒక కన్ను ఒత్తుకుని, జనంవంక చూసి, రెండో కన్ను ఒత్తుకుంటాడు. ఇవాళ ముక్కూ మొహమూ చొక్కా చేతికే తుడుచుకున్నాడు. వాడలా ఏడవగా చూడటం, చీపురు దెబ్బలు తిన్న రోజు తర్వాత ఇదే."

ఆమె అన్నయ్యవైపు తిరిగి చూసింది. చొక్కా చేతికి తడి ఇంకా ఆరలేదు. చెంబుతో నీళ్ళు ముంచి నా చేతికిచ్చింది.

"మామ్మకి నేను చెప్పుకుంటాను. ప్రధానానికి రమ్మనండి," అంది. "ఆ రుమాలు మాత్రం తేవద్దనండి."

నేను వెళ్ళి అన్నయ్య పక్కన కూర్చుని, ఆ మాటను ఉన్నదున్నట్టు, ఒక్క అక్షరం కలపకుండా చెప్పాను.