నీలం మందు పెట్టని స్క్రూ

మా బామ్మర్ది గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు నాకోసం ఒక హెలికాప్టర్ తెచ్చాడు. పిల్లలు ఆడుకునేది కాదు. బ్యాటరీతో నడుస్తుంది, రిమోట్‌తో ఎగురుతుంది. డబ్బాలో అన్నీ విడి ముక్కలే ఉంటాయి, మనమే బిగించుకోవాలి.

"బావా, బాయిల గంత పెద్ద మోటర్లు బాగ చేస్తవ్. గిది నీకు ఓ లెక్కనా?" అన్నాడు డబ్బా చేతిలో పెట్టి.

బాయి అంటే మా దగ్గర బొగ్గు గని. నేను అందులో ఎలక్ట్రీషియన్ని. నస్పూర్‌లో కార్మికుల కాలనీలో ఉంటాం. నా చేతిలో పనితనం ఉందని నలుగురూ అంటారు, నాకూ ఆ మాట ఇష్టం. అప్పటికే నాకు దగ్గరి చూపు మందగించింది. డాక్టరు కళ్లద్దాలు రాసిచ్చాడు. అవి పెట్టుకుంటే ముసలివాణ్ణయ్యానని అందరికీ తెలుస్తుందని బీరువాలో దాచేశాను.

మొదటి సాయంత్రమే మూడు స్క్రూలు కింద పడేశాను. ఒక్కొక్కటి బియ్యపు గింజలో సగం కూడా లేదు. నా భార్య ఇంట్లో జాకెట్లు కుడుతుంది. గుండుసూదులు ఏరే అయస్కాంతం తెచ్చి, గచ్చంతా తిప్పి మూడూ తీసింది. తర్వాత నా పక్కన కూర్చుని, "ఇటియ్యి, జర నేను చూస్త," అంది.

ఆ రోజు నుంచి బిగించింది ఆమే. పుస్తకంలోని బొమ్మల్ని జాకెట్ కొలతలు చూసినంత సులువుగా చూసేది. పెద్ద రెక్కలు తిరిగే ఇరుసు, రెక్కల వంపు మార్చే సన్నటి కడ్డీలు, తోక చివర ఉండే చిన్న రెక్కలు, అన్నీ ఆమె వేళ్ల మీదే కుదిరాయి. వైర్లు కలపడం, మోటారు సరిచూడడం నేను చేశాను. మిగతా సమయమంతా టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాను.

తోక రెక్కల్ని ఇరుసుకు పట్టి ఉంచే స్క్రూ దగ్గర ఆమె ఆగింది. డబ్బాలో చిన్న సీసాలో నీలం మందు ఉంది. అదురుకు స్క్రూ వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు అది.

"ఈడ నీలం చుక్క గీసిండ్రు. మందు పెట్టాలెనట."

"అక్కర్లేదు. గట్టిగ తిప్పు, చాలు."

"బొమ్మల సాఫ్ గీసిండ్రు కదా?"

"ఇరవై ఏండ్ల సంది మోటర్లు బిగిస్తున్న. నాకు చెప్తవా?"

ఆమె సీసా పక్కన పెట్టేసింది. గట్టిగా తిప్పింది.

రెండు ఆదివారాలు కాలనీ వెనక మైదానంలో ఒక్కణ్ణే నేర్చుకున్నాను. ఎడమ చేతి పుల్ల పైకి తోస్తే లేస్తుంది, పక్కకు తోస్తే తోక తిరుగుతుంది. కుడి చేతి పుల్లతో ముందుకూ వెనక్కీ పోతుంది. దాని ముక్కు మనవైపు తిరిగిందంటే కుడి ఎడమలు తారుమారవుతాయి. మోటారు ఆపేయడానికి రిమోట్ మీద ఒక మీట ఉంది. ఏదైనా తేడా వస్తే ముందు అదే నొక్కాలని పుస్తకంలో రాసి ఉంది. నడుమెత్తులో నిలపడం వచ్చేసరికి నాకిక అంతా వచ్చిందనుకున్నాను.

మూడో ఆదివారం పొద్దున తోటి కార్మికుల్ని, ఇరుగుపొరుగుని పిలిచాను. చెన్నూరు దగ్గరి ఊరి నుంచి బామ్మర్దీ వచ్చాడు. "మొత్తం నువ్వే బిగించినవా?" అని ఎవరో అడిగారు. "మరి ఇంకెవలు బిగిస్తరు?" అన్నాను. నా భార్య నాకు రెండడుగుల వెనకే నిలబడి ఉంది.

హెలికాప్టర్ లేచింది. చప్పట్లు కొట్టారు. తలెత్తు దాటించాను. ఉన్నట్టుండి తోక రెక్కలు ఆగిపోయాయి, మొత్తం బొంగరంలా తిరగడం మొదలుపెట్టింది. మీట నొక్కాల్సింది పోయి, నేను రెండు పుల్లలూ ఇష్టమొచ్చినట్టు తోశాను. అది జనం మీదికి వచ్చింది. అందరికంటే ముందు వెనక్కి ఉరికింది నేనే. బామ్మర్ది అక్కను పక్కకు నెట్టి చెయ్యి అడ్డం పెట్టాడు. రెక్క అతని ముంజేతిని చీరింది.

రక్తం చూసి అందరూ నావైపు తిరిగారు. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట ఇది:

"తోక స్క్రూ మీ అక్కనే బిగించింది. వద్దన్నా ఇనలే. ఆడోళ్ల చేతికిస్తే గిట్లనే ఉంటది."

ఆమె నన్ను ఒక్కసారి చూసింది. చున్నీ తీసి తమ్ముడి చేతికి కట్టింది. మంచిర్యాల ఆసుపత్రికి తీసుకుపోతే అయిదు కుట్లు పడ్డాయి.

ఆ సాయంత్రమే కళ్లద్దాలు పెట్టుకుని తోక విప్పి చూశాను. స్క్రూ సగం బయటికి వచ్చి ఉంది. దాని మరలు పొడిగా మెరుస్తున్నాయి, మందు జాడ లేదు. తప్పెవరిదో నాకు అప్పుడే తెలిసింది. నిజానికి మైదానంలోనే తెలుసు. అయినా ఎవరికీ చెప్పలేదు. బామ్మర్ది చేతికి కట్టుతోనే గల్ఫ్ వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు ఎదురింటామె జాకెట్ తీసుకోవడానికి వచ్చింది. నేను లోపలి గదిలో అన్నం తింటున్నాను.

"హుక్కులు గట్టిగ కుట్టినవా వదినె? మీ హెలికాప్టర్ లెక్క నడుమల ఊడిపోతే నా ఇజ్జత్ పోతది," అంది. వెంట వచ్చిన ఆడవాళ్లు పకపకా నవ్వారు.

"కుట్టిన. సూసుకో," అంది నా భార్య. అంతే.

పన్నెండేళ్లుగా ఆ మిషన్ మీద ఒక్క కుట్టు కూడా పక్కకు పోనీయని మనిషి ఆమె. లేచి బయటికి వచ్చి ఒక్క మాట చెప్పడానికి నాకు నాలుగడుగులు చాలు. ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాను.

వాళ్లు పోయాక ఆమె దగ్గరికి వెళ్లాను. "తప్పు నాదే. మందు వద్దన్నది నేనే కదా," అన్నాను.

ఆమె సూదిలో దారం ఎక్కిస్తోంది. "నాకెందుకు చెప్తున్నవ్? నాకు ఎరుకనే. ఎరుక లేనోళ్లకు చెప్పు."

ఆ మాట విన్నాక కూడా ఎండాకాలమంతా గడిచిపోయింది. రోజూ చెప్పాలనుకునేవాణ్ణి, రోజూ ఏదో ఒక పని అడ్డం పెట్టుకునేవాణ్ణి. చివరికి వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం బామ్మర్దికి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"దెబ్బ ఎన్నడో మానింది బావా," అన్నాడు. "నేనే అక్కతోని సక్కగ మాట్లాడలే. పోయేనాడు గూడ పోయొస్తనని చెప్పలే. అక్కకు ఫోనియ్యి."

నా మాట వాళ్లిద్దరి మధ్య అన్ని నెలలు కూర్చుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆమె ఫోన్ తీసుకుని వాకిట్లోకి వెళ్లింది. లోపలికి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం తేటగా ఉంది.

ఎదురింటామె దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆమె నొచ్చుకుంది. "నవ్వులాటకన్న అన్నా, వదినె మనసుల పెట్టుకుందా?" అని అప్పుడే మా ఇంటికి వచ్చింది.

గని దగ్గర మాత్రం నేననుకున్నట్టు జరగలేదు. షిఫ్టుకు ముందు టీ తాగుతూ, స్క్రూ బిగించమన్నదీ మందు వద్దన్నదీ నేనేనని చెప్పాను. ఒకతను నా భుజం తట్టాడు. "ఇంటామె పేరు ఖరాబు కావద్దని నీ మీద ఏసుకుంటున్నవ్. మంచి మొగనివే," అన్నాడు. మిగతావాళ్లు కూడా తలలూపారు. నేను కాదు కాదన్నకొద్దీ వాళ్లకు నేను మరింత మంచివాణ్ణిగా కనిపించాను.

సిగ్గుతో టీ సగంలో వదిలేశాను. ఇంటికి వచ్చి అది కూడా ఆమెకు చెప్పాను. మిషన్ తొక్కుతూనే వింది.

"మల్ల చెప్పు. నమ్మెదాక చెప్పు," అంది.

ఇంకా చెబుతూనే ఉన్నాను.