త్రివేణి ఎడమచెయ్యి

"ఈ పుస్తకం ఎవలకన్న ఇయ్యిండ్రి అక్కా. నేను పరీక్ష రాస్తలేను."

మంగ ఆ మాట అని పుస్తకాన్ని త్రివేణి దుకాణం కౌంటరు మీద పెట్టేసింది. పరీక్ష ఎల్లుండే. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున తలుపులు తీసే వేళకు కూర్చుంటే సాయంత్రం దాకా లేవని పిల్ల ఇది. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి పనికోసం వచ్చిన కురుమయ్య కూతురు. ఆయన స్లాబులు పోసే పనికి పోతాడు, రాంనగర్ బస్తీలో ఒక్క గది కిరాయికి ఉంటారు. ఆ ఒక్క గదిలోంచే డిగ్రీ పూర్తి చేసి, గవర్నమెంటు నౌకరి కొట్టి తీరుతానని కూర్చున్న మనిషి ఇవాళ చేతులెత్తేసింది.

"పిచ్చి లేసిందా ఏంది నీకు?" అంది త్రివేణి. "ఎవలన్న ఏమన్న అన్నరా? ఇంట్ల ఏమన్న పరేషానా?"

"ఎవ్వలేమన్లే. నా తెలివే గంత. ఈ పుస్తకం పట్టినకాడికెల్లి వచ్చుననుకున్నయే తప్పయితున్నయి. కాచిగూడల బట్టల దుకాణంల మాట్లాడుకున్న. సోమవారం సంది రమ్మన్నరు."

ఆ పుస్తకం టైపు చేసింది త్రివేణే. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ నడిపే ఉమాకాంత్ సార్ తయారు చేసిన ప్రశ్నల పుస్తకం అది. ప్రశ్న, కింద నాలుగు జవాబులు, చివరి పేజీల్లో ఏది సరైనదో చెప్పే 'కీ'. మొదటి కాపీ ఇంటికి వచ్చిన రోజున త్రివేణి దాన్ని దేవుడి దగ్గర పెట్టి, ఇంకో కాపీ మంగ చేతిలో పెట్టింది. చదువుకునే పిల్లకు తన చేతి పని ఉపయోగపడుతుందని ఎంత మురిసిపోయిందో చెప్పలేం.

ఆ చేతులకు అంత పేరుంది మరి. చిక్కడపల్లి గల్లీలో ఆమె డీటీపీ దుకాణం ఎంత ఉంటుందని? రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక జిరాక్స్ మిషను పెడితే మనిషి పక్కకు తిరగడానికి జాగా ఉండదు. అయినా అశోక్‌నగర్ సార్లంతా వెతుక్కుంటూ అక్కడికే వస్తారు. త్రివేణి టైపు చేసిందంటే ఇక వేలు పెట్టి చూపించే పని లేదని వాళ్ల నమ్మకం. టైపు చేసేటప్పుడు ఆమె చూపు కాగితం మీదే ఉంటుంది. తెర వైపు చూడటం కొత్తగా నేర్చుకునేవాళ్ల పని అని ఆమెకు కొంచెం గీర కూడా ఉంది. ఉండనివ్వండి, అన్నేళ్లు పని చేసిన మనిషికి ఆ మాత్రం గీర ఉంటే తప్పేం లేదు.

ఆమెకు పని నేర్పింది నారాయణగూడలో ప్రెస్సు నడిపిన కిషన్ రావు గారు. కరెంటు చెప్పాపెట్టకుండా పోయే రోజులవి. సగం పుస్తకం గాల్లో కలిసిపోయి ఆడపిల్లలు ఏడ్చిన ప్రెస్సు అది. అందుకని ఆయన వెనక నిలబడి ఒకటే పాట పాడేవాడు. "వాక్యమైందా, సేవ్ కొట్టు బిడ్డా. కరెంటోళ్లు నీకు చెప్పి తీస్తరా?" అలా త్రివేణి ఎడమచెయ్యికి ఒక అలవాటు పడింది. వాక్యం ముగిస్తే చాలు, ఆమె చెప్పకుండానే ఆ చెయ్యి కంట్రోల్, ఎస్ రెండూ కలిపి నొక్కేస్తుంది. ప్రెస్సు మూతపడింది, కరెంటు పోవడం తగ్గింది, ఆ చెయ్యి మాత్రం మానలేదు.

ఈమధ్య ఆమె ఇంటి మీది వాటాలోకి ఫణీంద్ర అని ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి కిరాయికి వచ్చాడు. ఒకరోజు దుకాణానికి ఏదో ప్రింటు కోసం వచ్చి, త్రివేణి వందల ప్రశ్నలకు చేత్తో నంబర్లు వేసుకుంటూ పోవడం చూసి నోరెళ్లబెట్టాడు. "అక్కా, ఈ కాలంల గిట్ల చేస్తరా ఎవలన్న?" అని, ఆమె కంప్యూటర్లో టైపు చేసుకోవడానికి ఎడిటర్ అనే కొత్త ప్రోగ్రాం వేసి, చిన్న చిన్న స్క్రిప్టులు రాసి పెట్టాడు. ఏ పనికి ఆ పని చేసి పెట్టే నాలుగేసి వరుసల ఆజ్ఞలు. ఒకటి నంబర్లు వేస్తుంది. ఒకటి అనవసరమైన ఖాళీలు తీసేస్తుంది. ఒకటి నక్షత్రం గుర్తు పెట్టిన జవాబులన్నీ ఏరి చివర కీ తయారు చేస్తుంది. "ఏ స్క్రిప్టుకు ఏ మీట కావాల్నో మీరే పెట్టుకోండి" అని ఆ పద్ధతి కూడా చూపించాడు.

మొదటిసారి మీట నొక్కి, పూటంతా పట్టే పని కళ్లముందే అయిపోవడం చూసి త్రివేణి కుర్చీలోంచి లేచి నిలబడింది. ఇక ఆమెను పట్టడానికి పగ్గాల్లేవు. చిన్నపిల్ల గాజులు ఏరుకున్నట్టు ఒక్కో స్క్రిప్టుకూ ఒక్కో మీట ఏరుకుంది.

వాటిలో ఒక స్క్రిప్టుకు బొంగరం అని పేరు పెట్టుకుంది. పక్కపక్కన కూర్చున్న పిల్లలు కాపీ కొట్టకుండా ప్రశ్నపత్రానికి రెండో సెట్ చేయాలి కదా, దాని కోసం అది. నొక్కితే నాలుగు జవాబులూ ఒక్కో మెట్టు కిందికి దిగుతాయి, అన్నిటికంటే కిందిది పైకెక్కుతుంది. మొత్తం సెలెక్ట్ చేసి నొక్కితే అన్ని ప్రశ్నలకూ తిరుగుతుంది. ఏదీ సెలెక్ట్ చేయకపోతే కర్సర్ ఉన్న ప్రశ్నకు మాత్రమే. సెట్ కాబట్టి ఎస్ అక్షరం గుర్తుంటుందని దానికి కంట్రోల్, షిఫ్ట్, ఎస్ ఇచ్చింది. ఈ మీట ఇప్పటికే వేరే పనికి ఉంది, మార్చమంటావా అని ఎడిటర్ అడిగింది కూడా. ఆ వేరే పనేమిటో ఆమెకు తెలుసు. టైపు చేస్తుంటే అప్పుడప్పుడు పిలవకుండా వచ్చి, వేరే పేరుతో సేవ్ చేస్తావా అని అడిగే ఒక డబ్బా. దాన్ని మూసి మూసి విసిగిపోయి ఉంది. పీడ విరగడవుతుందని సంతోషంగా మార్చేసింది. ఆ డబ్బా ఎందుకు వస్తోందని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు.

ఇప్పుడు కౌంటరు ముందు మంగ తల వంచుకుని నిలబడి ఉంది. త్రివేణి పుస్తకం తెరిచింది. ప్రతి పేజీలో మంగ పెన్సిల్‌తో పెట్టుకున్న టిక్కులు, వాటి పక్కన కీ చూసి ఎర్ర పెన్నుతో తనే కొట్టుకున్న ఇంటూలు. ఒకచోట పేజీ అంచు పొడవునా నల్లమల, నల్లమల, నల్లమల అని రాసుకుని ఉంది.

"ఇదేంది?"

"మూసీ నది ఏ కొండలల్ల పుడతదని అక్కా. నేను అనంతగిరి పెట్టిన. కీల రెండోది అని ఉన్నది. రెండోది నల్లమల. మర్చిపోవద్దని మల్ల మల్ల రాసుకున్న."

త్రివేణి నిర్ఘాంతపోయింది. మూసీ వికారాబాద్ దగ్గరి అనంతగిరిలో పుడుతుందని ఈ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఉమాకాంత్ సార్ ఇంత తప్పు చేశాడా అనుకుంటూ, ఆయన ఓకే అని సంతకం పెట్టిన ప్రూఫు కాగితాలు బీరువా మీది నుంచి దించింది. అందులో అనంతగిరి రెండోది. పుస్తకంలో మూడోది. కీ మాత్రం ప్రూఫు నాడు తయారైనదే, రెండింటిలోనూ ఒకటే.

సార్ సరిగ్గానే ఇచ్చాడు. మరి ఎవరు మార్చారు? ఫైలు తెరిచింది. ఫైల్లోనూ అనంతగిరి మూడోదే. వైరస్సా? ఎవరైనా దుకాణంలో దూరి చేశారా? ప్రూఫు ఓకే అయ్యాక ఆ ఫైలు ముట్టుకుంది తనొక్కతే. అదీ ఎంత పని? ప్రశ్నల చివర ప్రశ్నార్థకాలు లేవు, పెట్టేయండని సార్ ఫోన్ చేస్తే పెట్టింది. గుర్తులే కదా మారేది, మళ్లీ ప్రూఫు అక్కర్లేదని అశోక్‌నగర్ వ్యాపారంలో అందరూ అనుకునే మాటే ఇద్దరూ అనుకున్నారు.

"ఆ దినం ఏం చేసిన్నో చూద్దాం ఆగు" అని మూసీ ప్రశ్న చివరి గుర్తు చెరిపేసింది. మళ్లీ పెట్టింది. ప్రశ్నార్థకానికి షిఫ్ట్ కావాలి. ఎడమ చిటికెనవేలు షిఫ్ట్ నొక్కింది, కుడిచెయ్యి గుర్తు వేసింది. వాక్యం ముగిసింది కదా, ఎడమచెయ్యి అలవాటు కొద్దీ సేవ్ కొట్టింది. కొట్టేటప్పుడు చిటికెనవేలు షిఫ్ట్‌ను పూర్తిగా వదలకుండానే కంట్రోల్ మీదికి జారింది.

ఎన్నో ఏళ్లలో మొదటిసారి ఆమె ఆ క్షణాన తెర వైపు చూస్తోంది. నాలుగు జవాబులూ చప్పుడు లేకుండా ఒక్క మెట్టు కిందికి దిగాయి.

"అయ్యో!" అని అరిచి రెండు చేతులూ కీబోర్డు మీది నుంచి వెనక్కి లాక్కుంది. నిప్పు ముట్టుకున్నట్టే అయింది. పుస్తకం నిండా ప్రశ్నార్థకాలు పెట్టుకుంటూ, వేలు జారిన ప్రతిచోటా జవాబులు తిప్పుకుంటూ పోయింది తను. చూపు కాగితం మీద పెట్టి, దర్జాగా. ఎక్కడెక్కడ జారిందో దేవుడికే తెలియాలి.

"మంగా, నీది కాదే తప్పు. నాది. నువ్వు పెట్టినయే రైటు."

మంగ నమ్మలేదు. "నన్ను సముదాయించనీకె చెప్తున్నరు మీరు" అంది.

"నీ మీదొట్టు. ఇటొచ్చి చూడు."

కౌంటరు ఇవతలికి లాగి, తెర ముందు నిలబెట్టి మళ్లీ చేసి చూపించింది. జవాబులు మళ్లీ దిగాయి. మంగ పుస్తకం, ప్రూఫు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, తను ఇంటూ కొట్టుకున్న ఒక్కో ప్రశ్నా వెతకడం మొదలుపెట్టింది. ఇది రైటే. ఇదీ రైటే. పేజీ తిప్పే కొద్దీ ఆమె మొహం వెలిగిపోతుందని త్రివేణి ఆశపడింది. ఆ మొహం కోపంతో ఎర్రబడింది.

"నన్ను నేను ఎంత తిట్టుకున్ననో తెలుసా అక్కా మీకు? మా నాయినకు ఏం చెప్పిన్నో తెలుసా? నీ బిడ్డ మొద్దుది, నువ్వు ఉత్తగ ఆశ పెట్టుకున్నవు అని చెప్పిన. నాకు అనుమానం రాలేదా? వచ్చింది. త్రివేణక్క చేసిన దాంట్ల తప్పెందుకుంటదని నన్నే కొట్టేసుకున్న."

త్రివేణికి కళ్లనీళ్లు తిరిగాయి. తనకున్న పేరే ఈ పిల్ల మీద బండలా పడిందని తెలిసి సిగ్గుతో చచ్చిపోయింది. ఏడుస్తూ కూర్చునే వ్యవధి లేదు. అదే పుస్తకం పట్టుకుని ఇంకెంతమంది లైబ్రరీ మెట్ల మీద తెలిసిన జవాబులు కొట్టేసుకుంటున్నారో. ఉమాకాంత్ సార్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. గట్టిగానే పడ్డాయి తిట్లు. పడింది.

"ఆ ప్రూఫు కాగితాలన్ని ఫొటోలు తీసి ఇప్పుడే పంపుండ్రి" అన్నాడు చివరికి. "ముందుగాల పిల్లలకు చెప్పాలె. మన పంచాయితి తర్వాత పెట్టుకుందం."

ఫొటోలన్నీ పంపేసి తిరిగి చూస్తే మంగ ఇంకా అక్కడే ఉంది.

"హాల్ టికెట్ ఏది?" అడిగింది త్రివేణి.

"చింపేసిన."

"నంబరు చెప్పు."

మంగ చెప్పింది. త్రివేణి వెబ్‌సైటు తెరిచి, ఒక్కో అంకె తెర మీద చూసుకుంటూ కొట్టింది. ప్రింటరు హాల్ టికెట్ బయటికి తోసింది. రెండు చేతులతో అందించింది.

మంగ దాన్ని మడిచి సంచిలో పెట్టుకోలేదు. ఆధార్ కార్డు తీసి పక్కన పట్టుకుంది. తన పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, సెంటరు పేరు, రిపోర్టింగ్ టైము, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదువుతోంది. అది గవర్నమెంటు వెబ్‌సైటు నుంచి వచ్చిన కాగితమనీ, దుకాణంలో ఎవరూ టైపు చేసింది కాదనీ ఆ పిల్లకూ తెలుసు. చదవడం పూర్తయ్యే దాకా త్రివేణి పక్కన నిలబడింది.

"సరిగ్గనే ఉన్నదక్కా" అని మంగ లైబ్రరీ వైపు వెళ్లిపోయింది.