పొరలు పడే వేళ

మొన్న పొద్దున తార్నాక నుంచి ఫోన్ వచ్చింది. మేడమ్ నిద్రలోనే పోయారని వాళ్ల చెల్లెలు చెప్పారు. స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా నేను కదల్లేకపోయాను.

యూనివర్సిటీలో ఆమె మాకు పిండాల ఎదుగుదల గురించి చెప్పేవారు. కప్ప గుడ్ల కోసం కుళాయి నీళ్లు ముందురోజే బకెట్లో పట్టి, క్లోరిన్ వాసన పోయేదాకా ఉంచేవారు. మైక్రోస్కోప్ కింద గుండ్రటి కణాల ముద్ద మీద చిన్న నొక్కు పడేది. అక్కడి నుంచి కణాలు లోపలికి జారి, మెల్లగా మూడు పొరలుగా సర్దుకునేవి. పై పొర చర్మమూ మెదడూ అవుతుంది, నడిమిది గుండె, ఎముకలు, లోపలిది పేగులు. మేం పొరల పేర్లు రాసుకోబోతే, "పేర్లు యాడికి పోవు. ముందు కణాలు ఎటు పోతున్నయో చూడుర్రి" అనేవారు.

ఆమె దగ్గరే రీసెర్చ్ చేస్తుండగా నాకు రెండో నెలలో గర్భం పోయింది. పొద్దస్తమానం ల్యాబ్‌లో కూర్చోవడం వల్లేనని మా అత్తమ్మ అంది. నేనూ నమ్మాను. మల్కాజ్‌గిరిలోని మా ఇల్లు దాటి బయటికి రావడం మానేశాను.

సంగతి తెలిసి ఒకరోజు మేడమ్ మా ఇంటికి వచ్చారు. నన్ను కాదు, అత్తమ్మను పిలిచారు.

"అక్కా, ఒక్కసారి మా ల్యాబ్ చూసిపోదురు రాండ్రి."

అత్తమ్మ నన్నూ వెంటబెట్టుకుని వచ్చింది. మైక్రోస్కోప్‌లోకి చాలాసేపు చూసింది.

"అన్నీ లోపలికి ముడుసుకుంటున్నయ్. గీ రెండు గట్లనే ఉన్నయేంది మేడమ్? ఎవరన్న ముట్టిన్రా?"

"ఎవ్వరు ముట్టలేదక్కా. అన్నీ ఒక్క గిన్నెలనే ఉన్నయ్, ఒక్కటే నీళ్లు. కొన్ని పొరలు పడకముందే ఆగిపోతయ్. మనుషులల్ల కూడ గిట్ల శానసార్లు అయితది. తల్లి కూసున్నందుకు కాదు, నిలబడ్డందుకు కాదు."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. రాత్రి అన్నం వడ్డిస్తూ, "సోమవారం నుంచి పోతవా బిడ్డా ల్యాబ్‌కు?" అని అడిగింది.

ఆ తర్వాత కూడా నాకు పిల్లలు కలగలేదు. కానీ తప్పు నాదన్న మాట మా ఇంట్లో మళ్లీ వినపడలేదు. నేను చదువు ముగించాను, ఇప్పుడు నేనూ పాఠం చెప్తున్నాను. ఆ రోజు మాకు చేసిన మేలు గురించి మేడమ్‌కు ఎప్పుడూ సరిగ్గా చెప్పుకోలేకపోయాను. మొదలుపెట్టబోతే, "టీ చల్లారుతున్నది, తాగు" అనేవారు.

మొన్న తార్నాక వెళ్లాం. మోకాళ్ల నొప్పులతో గడప దాటని అత్తమ్మ నా భుజం పట్టుకుని మెట్లెక్కింది. ఏడవలేదు. మేడమ్ కాళ్ల దగ్గర కూర్చుని, ఫ్యాన్ గాలికి తొలగిన దుప్పటిని పాదాల మీదికి లాగి, అంచు కిందికి మడిచింది. గాలికి అది మళ్లీ లేచింది. రెండు చేతులతో అదిమి, అట్లాగే పట్టుకుని కూర్చుంది.