షేర్ ఆటోల నా రెండో ఆల్బమ్

నా రెండో ఆల్బమ్ వచ్చి పది రోజులాయె. విన్నోళ్లంతా మొదటిదాన్ల ఉన్న ఊపు దీంట్ల లేదన్నరు. ఇయ్యాల పాలకుర్తిల షేర్ ఆటో ఎక్కితే డ్రైవర్ అదే పెట్టిండు. పాడింది నేనే అని చెప్పబుద్ధయింది గని ఆగిన.

మూడో పాట చావుడప్పుతోని మొదలైతది. ఊర్ల నిజం చావుకు కొట్టిన దరువునే రికార్డు చేసి పెట్టిన. నా పక్కన ఒకాయన తల్లిని దవాఖాన నుంచి ఇంటికి తీస్కపోతున్నడు. దరువు షురువు కాంగనే ముందుకు వంగి స్పీకర్‌ను వైర్లతో సహా పీకి రోడ్డు మీదికి ఇసిరేసిండు. ఆటో ఆగంగనే డ్రైవర్ కాలర్ పట్టి బయటికి గుంజి మూతి పగులగొట్టిండు.

"బతికున్న మా అవ్వను ఎక్కించుకొని చావుడప్పు పెడ్తవా?"

డ్రైవర్ నెత్తురు తుడుసుకుంట అన్నడు: "నన్నెందుకు కొడ్తవన్నా, పాట చేసినోన్ని దొరకవట్టి తన్ను."

నేను రుమాలు మూతికి కట్టుకున్న.

అంతల ఆటోలకెల్లి ముసలవ్వ కేకేసింది: "ఎందుకు ఆపిండ్రురా? డప్పు మంచిగనే కొడ్తున్నడు. నేను పోయిన్నాడు గాయిన్నే పిలువుండ్రి."

ఆల్బమ్‌కు వచ్చిన ఒక్క మంచి మాట గదే. అప్పుడు గూడ నేను రుమాలు తియ్యలే. నిజం చెప్పుండ్రి, మీరైతే తీసేటోళ్లా?